పదిహేడేళ్ళ కొలత

"ఆవిడ రాకుండా ఉంటే బాగుండునండీ. వచ్చిందంటే ఇవాళ ఈ ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది."

కాజాలమ్మ ఈ మాట అనడం పొద్దుట్నుంచి ఇది ఆరోసారి. కిటికీ దగ్గర బల్లమీద ఓ పాత గోడగడియారం పొట్ట విప్పుకుని కూర్చున్న భర్త, కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే జవాబిచ్చాడు.

"ఏం జరుగుతుందే? కోటు తెస్తుంది. తొడిగి చూస్తుంది. వెళ్ళిపోతుంది."

"మీకేం, ఎన్నైనా చెబుతారు. కడుపుకోత పడ్డ మనిషి ఉసురు ఊరికే పోతుందా?"

"జరగబోయేవన్నీ నువ్వు ముందుగానే జరిపేస్తుంటావు. ఇక జరగడానికి దానికేం మిగిలింది చెప్పు!"

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఆగిపోయింది ఏదైనా మళ్ళీ నడుస్తుందని నమ్మే మనిషి. ఆమె గుండీలకి కాజాలు కుడుతుంది. కోత పెట్టిన ప్రతిచోటా పోగులు ఊడతాయని తెలిసిన మనిషి. ఆ ఇద్దరికీ పాతికేళ్ళుగా అలాగే నడుస్తోంది.

కథ మొదట్నుంచి చదువుతున్నవాళ్ళకి ఆమె భయం ఎందుకో తెలుసు. ఇవాళే పేజీ తిప్పినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి.

ఆ ఊళ్ళో యూనిఫాంలు కుట్టే కార్ఖానా ఒకటుంది. బస్సు డ్రైవర్ల చొక్కాలు, నర్సుల కోట్లు, స్కూలు పిల్లల నిక్కర్లు అన్నీ అక్కడివే. అందులో కిటికీ పక్కన రెండు కుట్టుమిషన్లు. ఒకదాని మీద మన కాజాలమ్మ. రెండోదాని మీద కాలర్లమ్మ. అసలు పేర్లు జీతాల పుస్తకంలో ఉంటాయేమో గానీ, చేసే పనే పేరైపోయింది ఇద్దరికీ. ఇరవై రెండేళ్ళు "వదినా" అంటే "వదినా" అనుకున్నారు. ఒకే ఏడు ఇద్దరికీ మగపిల్లలు. ఒకే బెంచీ, ఒకే బడి, ఒకేరోజు సైన్యంలో చేరిక. ఎనిమిది నెలల క్రితం కాజాలమ్మ కొడుకు ఎడమచేతిని మోచెయ్యి కింద నుంచి అక్కడే వదిలేసి తిరిగొచ్చాడు. కాలర్లమ్మ కొడుకు రాలేదు. వాణ్ణి అందరూ బుడ్డోడనేవాళ్ళు, బడిలో అందరికంటే పొట్టి కాబట్టి. వాడి బట్టల ట్రంకు పెట్టె మాత్రం వచ్చింది. ఆరోజు నుంచి ఆ రెండు మిషన్ల మధ్య మాట లేదు. కత్తెర అడక్కుండానే చేతికొస్తుంది, దారపుండ అడక్కుండానే దొర్లుకొస్తుంది, మాట మాత్రం రాదు.

ఇక ఆ కార్ఖానాకి పాత అలవాటొకటుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకి ఏటా ఊరందరి తరఫున కోటు కుట్టిపెడతారు. తిరిగిరాని వాళ్ళకీ కుడతారు. పెద్దహాల్లో సభనాడు ఆ కోటుని ముందువరసలో కుర్చీకి తొడిగి, పక్క కుర్చీలో ఇంటివాళ్ళని కూర్చోబెడతారు. కోటు లోపలి లైనింగు అంచు మాత్రం కుట్టకుండా వదిలేస్తారు. సభకి ముందురోజు ఊళ్ళోవాళ్ళు వరసకట్టి వచ్చి తలా ఒక కుట్టు వేస్తారు. పోస్టాఫీసు గుమస్తా, మంగలి, హెడ్‌మిస్ట్రెస్, బస్సు దిగి యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చే కండక్టరు, అందరూ. ఎవరి కుట్టు ఎంత వంకరగా పడ్డా విప్పకూడదన్నది నియమం. పోయినేడు హెడ్‌మిస్ట్రెస్ తన జాకెట్టునే కోటుకి కలిపి కుట్టేసింది. ఆ నియమం వల్ల చివరికి జాకెట్టు కొస కత్తిరించాల్సొచ్చింది. ఆ ముక్క ఇప్పటికీ ఓ ముసలి సిపాయి కోటులో ఉంది.

ఇంకొక నియమం కూడా ఉంది. కుట్టేవాళ్ళెవరూ సొంతబిడ్డకి కొలత తియ్యరు. తీస్తే ఆయుష్షు కొలిచినట్టని ఆ మిషన్ల దగ్గర పాతకాలం నుంచీ ఓ నమ్మకం. అందుకే చిన్నప్పట్నుంచి ఈమె కొడుకుని ఆమె, ఆమె కొడుకుని ఈమె కొలిచారు. ఈ ఏటి కోట్లూ అలాగే పడ్డాయి. అబ్బాయి కోటు కాలర్లమ్మకి, బుడ్డోడి కోటు కాజాలమ్మకి. కొలతల పుస్తకంలో బుడ్డోడి చివరి పేజీ వాడి పదిహేడో ఏటిది. ఆ పేజీ చూసే కాజాలమ్మ కుట్టింది. కుట్టి హాంగరుకి తగిలిస్తే కటింగు మేస్త్రి వచ్చి చూసి, "ఇది స్కూలు పిల్లాడి కోటమ్మా" అన్నాడు. పోయినవారం ఆమె చేతిలోంచి సూది జారిపడ్డది అప్పుడే.

ఇవాళ కాలర్లమ్మ ట్రయల్ వేయడానికి ఇంటికే వస్తానని మేస్త్రితో కబురు పెట్టింది. అబ్బాయి గడప దాటడని ఊరందరికీ తెలుసు. రేపు పదింటికి జనం సూదులు పట్టుకుని వచ్చేస్తారు.

"మన బుడ్డోడి కోటు ఆవిడ చూసే ఉంటుంది కదండీ. పక్క మిషనే కదా. చూసి ఒక్కమాటన్నా అందా? అనలేదు. అంటే మనసులో పెట్టుకుందనేగా?"

"లేదా నీలాగే ఏమనాలో తెలీక ఊరుకుందేమో."

"ఆ గోడమీద కాలెండరు వంకరగా ఉంది, కాస్త సరిచెయ్యండి."

ఆయన తలెత్తి చూశాడు. నిన్నటిదాకా అక్కడ కాలెండరు లేదు. ఇద్దరు పిల్లలు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డ ఫొటో ఉండేది. ఆవిడ చూస్తే గుండె మండుతుందని పొద్దున్నే కాజాలమ్మ దాన్ని తీసి దుప్పట్ల కింద దాచింది. తీశాక గోడమీద నాలుగు పలకల తెల్లటి మచ్చ బయటపడింది. ఆ మచ్చ ఫొటో కంటే ఎక్కువ అరుస్తోందని దానిమీద కాలెండరు తగిలించింది. కాలెండరు చాల్లేదు. నాలుగువైపులా తెల్లంచు కనిపిస్తూనే ఉంది.

"దాచేకొద్దీ పెద్దదవుతోందే," అన్నాడాయన.

తలుపు చప్పుడైంది.

కాలర్లమ్మ మెడలో టేపు, చేతి మీద గుడ్డసంచిలో కోటు. ఎనిమిది నెలల్లో పక్క మిషన్ మీద పక్కనుంచి చూడ్డమే గానీ ఎదురుగా చూసింది లేదు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళద్దాల పుల్లకి దారం చుట్టింది.

"అబ్బాయిని పిలువు," అంది. వదినా అనలేదు.

ఆ లేని మాట కాజాలమ్మ చెవిలో ఢంకా కొట్టినట్టు వినిపించింది. "రా, కూర్చో, టీ తాగుతావా, ఎండగా ఉంది కదూ, నీళ్ళిస్తాను," అని నాలుగూ ఒకేసారి అనేసి ఏదీ తేకుండా అక్కడే నిలబడింది.

అబ్బాయి లోపలిగది తలుపు తీసుకుని వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, నడక మాత్రం ముసలివాడిది. ఎడమచెయ్యి చొక్కా మడిచి పిన్ను పెట్టి ఉంది. మెడలో నల్లదారం. ఏమిట్రా అది అని అమ్మ ఓసారి అడిగితే "సైన్యం నెంబరు బిళ్ళ" అన్నాడు. అంతకుమించి ఎవరేమడిగినా ఊ, ఆ. కాలర్లమ్మ మొహం వంక చూడకుండా ఆమె పాదాల వంక చూస్తూ నిలబడ్డాడు.

కాలర్లమ్మ సంచి విప్పింది. ముదురు నీలం కోటు, కార్ఖానాలో కాకుండా ఇంట్లో కూర్చుని కుట్టింది. కాజాలమ్మ కళ్ళు ముందు ఎడమచేతి మీదకే పోయాయి. పూర్తి చెయ్యి కుట్టి వదిలేస్తుంది, ఖాళీగా వేలాడుతూ ఊరందరి ముందూ వెక్కిరిస్తుంది అని వారంరోజులుగా అనుకుంటోంది. అలా లేదు. మోచెయ్యి దగ్గరకి సరిగ్గా ఆపి ఉంది. దాంతో ఊరుకోవచ్చు కదా. భయం పట్టిన మనసు ఒక గుమ్మం మూస్తే ఇంకో గుమ్మంలోంచి దూరుతుంది.

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు," అని కోటు లాక్కుని, ఎందుకు చేస్తోందో తనకే తెలియకుండా లైనింగులో చెయ్యి పెట్టి వేళ్ళతో తడమడం మొదలుపెట్టింది.

కాలర్లమ్మ చూస్తూ ఊరుకుంది. తడమడం అయ్యేదాకా ఆగింది.

"సూదులేం వదల్లేదు," అంది నెమ్మదిగా. "మూడుసార్లు చూసుకున్నాను."

భూమి చీలితే బాగుండుననిపించింది కాజాలమ్మకి. ఇరవై రెండేళ్ళ స్నేహాన్ని సూది కోసం తడిమినట్టయింది. ఆ తడమడంలోనే వేళ్ళకి ఇంకేదో తగిలింది. అంచు లోపల ఐదు చల్లటి చిన్న బిళ్ళలు.

"ఇవేమిటి?"

"టిచ్ బటన్లు. కోటు వాడికియ్యి. నువ్వాగు, సాయం పట్టకు."

అలవాటుగా ముందుకు పోయిన కాజాలమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎనిమిది నెలలుగా ప్రతిపొద్దునా కొడుకు చొక్కా గుండీలు ఆమే పెడుతోంది. పెట్టేటప్పుడు వాడు గోడవైపు చూస్తాడు. ఆమె గుండీలవైపు చూస్తుంది. ఆ రెండు నిమిషాలూ ఇద్దరూ ఊపిరి బిగబట్టే గడుపుతారు.

అబ్బాయి కుడిచేత్తో కోటు అందుకున్నాడు. ముందు పొట్టిచెయ్యి దూర్చుకున్నాడు. చివర మెత్తటి ఫ్లానెల్ వేసి ఉంది కాబోలు, మొహం చిట్లించలేదు. తర్వాత కుడిచెయ్యి. రెండు అంచులూ దగ్గరకి చేర్చి బొటనవేలితో పొట్టమీద అదిమాడు.

టక్.

తనే ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. మళ్ళీ అదిమాడు. టక్. టక్. టక్. టక్.

"ఐదు!" అన్నాడు గడియారాల మేస్త్రి. భూతద్దం జారి ఒళ్ళో పడిందని కూడా చూసుకోలేదు. "అచ్చం సెకన్ల ముల్లు నడిచినట్టే వినిపించింది."

పైకి చూస్తే ఇత్తడి గుండీలు వరసగా మెరుస్తున్నాయి. అవి అలంకారానికి. పని చేసేవి లోపలున్నాయి. ఊళ్ళో ఎవరు చూసినా మామూలు కోటే.

"ముందు కొక్కేలు పెట్టాను, పట్టుకోడానికి రెండో చెయ్యి కావాల్సొచ్చింది," అంది కాలర్లమ్మ, కార్ఖానాలో కొత్తపిల్లకి పని చెప్పేటట్టు. "జిప్పు పెట్టాను. కింద కొస అమర్చడం కుదర్లేదు. అయస్కాంతాలు తెప్పించాను. వంగితే ఊడిపోతున్నాయి. చివరికి ఇవి కుదిరాయి."

"నీకెలా తెలిసింది కుదురుతాయని?"

"ఎడమచెయ్యి తువ్వాలుతో వెనక్కి కట్టేసుకుని చూశాను. ఎనిమిది రోజులు. టీ కూడా అలాగే కాచుకున్నాను. రెండు కప్పులు పగిలాయి." కాస్త ఆగి, "నీ పని మాత్రం పోగొట్టాను. కోటు మొత్తానికి ఒక్క కాజా లేదు," అంది.

కాజాలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 

"నన్ను తిట్టు," అంది. "ఏదో ఒకటి అను. ఇలా మంచిగా చెయ్యకు, నేను తట్టుకోలేను. నువ్వు కొలిచిన నా కొడుకు తిరిగొచ్చాడు. నేను కొలిచిన నీ కొడుకు రాలేదు. నా చెయ్యి మంచిది కాదు. ఆ సంగతి నీకూ తెలుసు. అందుకే కదా నాతో మాట్లాడ్డం మానేశావు? అందుకే కదా నేనా ఫొటో కూడా..." కాలెండరు వైపు చూసి నాలిక్కరుచుకుంది.

కాలర్లమ్మ ఆ తెల్లంచు వంక చూసింది. వెళ్ళి కాలెండరు ఎత్తి దాని కిందున్న ఖాళీ చూసింది. మళ్ళీ దింపింది.

"ఓసి పిచ్చిదానా," అంది. "వాడి ఎడమచెయ్యి కొలిచింది నేను. భుజం నుంచి మణికట్టు దాకా ఇరవై మూడున్నర అంగుళాలు. నా రాతే ఉంది పుస్తకంలో. ఆ చెయ్యి ఏదీ ఇప్పుడు? నీ లెక్కలో అదెవరి పాపం? నాదేనా?"

"ఛ, ఛ! అవేం మాటలు? అక్కడ ఏదో పేలితే నువ్వేం చేస్తావు?"

"మరి నువ్వేం చేశావే?"

కాజాలమ్మ ఎన్ని రాత్రులు ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా ఈ వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరో నెత్తిమీది మూట దించి కింద పెట్టినట్టు మెడ తేలికైంది. కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వింతశబ్దం వచ్చింది.

"అదుగో," అన్నాడు భర్త. "జరిగి తీరుతుందన్నావుగా. జరిగింది."

"మీరూరుకోండి!" అన్నారు ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి.

కాజాలమ్మ లోపలికి పోయి దుప్పట్ల కింద నుంచి ఫొటో తెచ్చింది. పైటతో తుడిచి ఆవిడ చేతికిచ్చింది. కాలర్లమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. బుడ్డోడి నెత్తిమీద లేచి నిలబడ్డ జుట్టుని బొటనవేలితో అణిచింది, ఫొటోలో కూడా అది లొంగుతుందేమోనన్నట్టు.

"మరి ఎందుకు మాట్లాడలేదు నువ్వు?" అని అడిగింది కాజాలమ్మ.

"నీతో మాట్లాడకూడదని కాదు వదినా."

వచ్చేసింది ఆ మాట. దారపుండ దొర్లుకొచ్చినంత తేలిగ్గా. కాజాలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నోరు తెరిస్తే ఒకటే మాట వస్తుందని భయం. అది నిన్నడిగేది కాదు. వీణ్ణి అడిగేది." అబ్బాయి వైపు చూడకుండానే అంది. "నువ్వు కుట్టిన కోటు చూశాను. పొరపాటు నీది కాదు. పుస్తకంలో ఉన్నదే కుట్టావు. ఆ కోటు నా పదిహేడేళ్ళ పిల్లాడికి సరిగ్గా సరిపోతుంది. నాకు గుర్తున్నవాడికే సరిపోతుంది. చేరిన ఏడాదికి నాలుగు రోజులు వచ్చాడు, అంతే. ఆ తర్వాత మూడేళ్ళూ ప్రతి సెలవూ రద్దే. ఫోన్లో మొహం చూశాను గానీ, భుజాలు కనబడతాయా ఫోన్లో? ఎల్లుండి సభలో ఊళ్ళోవాళ్ళంతా ఆ కోటుని చూస్తారు. స్కూలు పిల్లాడని అనుకుంటారు. వాడు నాలుగేళ్ళు పనిచేశాడు వదినా. మగాడయ్యే వెళ్ళాడు. ఎంత మగాడో నాకు తెలీదు."

"విప్పేద్దాం," అంది కాజాలమ్మ వెంటనే. పని అనేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "బట్ట మిగిలే ఉంది. ఇప్పుడు కత్తిరిస్తే పొద్దుగూకేలోగా కచ్చాకుట్టు అయిపోతుంది. రేపు పదింటికి జనం వచ్చేసరికి లైనింగు తయారుగా ఉంటుంది. కాలర్ నువ్వు వెయ్యి."

"ఏ కొలతకి?"



"పెట్టెలో వాడి బట్టలుంటాయి కదమ్మా," అన్నాడు గడియారాల మేస్త్రి మెల్లిగా.

"తాళంచెవి రాలేదన్నయ్యా. తెచ్చినవాళ్ళు పగలగొట్టిస్తామన్నారు. వద్దన్నాను. వాడు వేసిన తాళం. ఇంకొకడి సుత్తితో తీయించను." కాలర్లమ్మ లేచింది. మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంది. కోటు తొడుక్కుని ఇంకా అలాగే నిలబడ్డ అబ్బాయి ఎదురుగా వెళ్ళి నిలబడింది. వాడు ఈమె పాదాల వంకే చూస్తున్నాడు.

"నాన్నా," అంది. "వాణ్ణి చివరిదాకా చూసినవాడివి నువ్వొక్కడివే. ఎలా పోయాడని నేనడగను. ఎవరిది తప్పని అడగను. ఆ కాగితం సైన్యంవాళ్ళిచ్చారు, చదువుకున్నాను. నేనడిగేది వేరు. నా బుడ్డోడు ఎంతవాడయ్యాడు?"



కాజాలమ్మ ఒక అడుగు ముందుకేసి ఆగింది. వద్దు, వాణ్ణి అడక్కు, మళ్ళీ లోపలికి పోయి తలుపేసుకుంటాడు, ఈసారి వేస్తే తియ్యడు... ఈ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. జీవితంలో మొదటిసారి వాటిని మింగేసింది. కిటికీ బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగి దూరమైపోయింది. బల్లమీద గోడగడియారం ఆగిపోయే ఉంది. భర్త దాన్ని ముట్టుకోలేదు. కాలర్లమ్మ కదల్లేదు. తొందరపెట్టలేదు. ట్రయల్‌కి నిలబడ్డ మనిషి సర్దుకునేదాకా ఆగడం ఆమెకి ఇరవై రెండేళ్ళ అలవాటు.

అబ్బాయి కళ్ళు పాదాల మీంచి టేపు మీదకొచ్చాయి. టేపు మీంచి ఆమె మొహం మీదకి.

కుడిచేత్తో కోటు పైబటన్ లాగాడు. టక్‌మని ఊడింది. చొక్కా లోపలినుంచి నల్లదారం పైకి తీశాడు. దాని చివర నెంబరు బిళ్ళ లేదు. చిన్న ఇత్తడి తాళంచెవి ఉంది.

"నా అంతయ్యాడత్తా," అన్నాడు. ఎనిమిది నెలలుగా వాడని గొంతు తుప్పుపట్టిన గడియలా పలికింది. "నా చొక్కాలు వాడూ, వాడివి నేనూ వేసుకునేవాళ్ళం. నన్ను కొలువు, సరిపోతుంది. భుజాల దగ్గర మాత్రం ఒక అంగుళం ఎక్కువ పెట్టు, నన్ను మోసుకొచ్చినవాడు కదా. తాళంచెవి వాడే ఇచ్చాడు. ఇది నీకిచ్చేస్తే వాడు నిజంగా రాడని ఒప్పుకున్నట్టవుతుందని ఇన్నాళ్ళూ దాచుకున్నాను. ఇప్పుడు తీసుకో. కానీ పెట్టె తెరిచేటప్పుడు అమ్మని కూడా పక్కనుండమను. పైనే ఒక ఉత్తరం ఉంటుందన్నాడు. అది నీకు కాదత్తా, చిన్నప్పట్నుంచి వాణ్ణి కొలిచిన మా అమ్మకి రాశాడు."